కొత్త లాప్‌టాప్‌లు వస్తుంటే షాపులో ఏం తెప్పించాలి, ఏం తగ్గించాలి

విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో చిన్న కంప్యూటర్ సామాన్ల షాపు నడిపేవాళ్లకి ఇది. ఆర్డర్ పెట్టేముందు కొత్త మోడల్స్‌లో ఏయే పోర్టులు ఉన్నాయో చదవండి. కంపెనీవాళ్లు లోపలే పెట్టేసిన వస్తువు బయట అమ్మడం కష్టం, వైఫై డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చి వైఫై తెచ్చుకునే చిన్న ముక్క) చూడండి, లాప్‌టాప్‌లన్నిట్లో వైఫై వచ్చేశాక అది వైఫై లేని డెస్క్‌టాప్ ఉన్నోళ్లకే. అదే వాళ్లు తీసేస్తే మనకి గిరాకీ, పల్చటి లాప్‌టాప్‌ల్లో లాన్ పోర్టు (ఇంటర్నెట్ వైరు గుచ్చేది) పోయింది కాబట్టే యూఎస్‌బీ లాన్ అడాప్టర్ కొంటున్నారు.

కానీ తీసేసింది మళ్లీ రావొచ్చు, అసలు జాగ్రత్త ఇక్కడే. ఆపిల్ 2016లో మాక్‌బుక్ ప్రో లాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ (టీవీకి, ప్రొజెక్టర్‌కి కలిపే పోర్టు), ఎస్‌డీ కార్డు (కెమెరా కార్డు) స్లాట్ తీసేసింది, బయటి కంపెనీలు ఆ లాప్‌టాప్‌కి సరిగ్గా అతికే హబ్బులు (ఒక పోర్టులో గుచ్చితే చాలా పోర్టులిచ్చేవి) దించాయి, తీరా 2021లో 14, 16 అంగుళాల మోడల్స్‌లో ఆ రెండూ వెనక్కొచ్చేశాయి. అందుకని ఒక్క మోడల్‌కే సరిపోయేవి గుట్టగా కొనకండి, కేబుల్ ఉన్న మామూలు టైప్-సి హబ్ అయితే టైప్-సి పోర్టున్న ఏ కంపెనీ లాప్‌టాప్‌కైనా దాదాపు పనిచేస్తుంది.

పెళ్లి ఫొటోగ్రాఫర్లకి కార్డ్ రీడర్లు, పాత ప్రొజెక్టర్లున్న కాలేజీలకి హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏ (పాత రకం స్క్రీన్ పోర్టు) కన్వర్టర్లు మాత్రం కొన్ని ఉంచండి. మిగతావి అమ్ముడవకపోతే వెనక్కి తీసుకునేలా విశాఖ హోల్‌సేల్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి.