‘ఒక పరిశీలన’ దాటాలంటే: ఎంఏ తెలుగు విద్యార్థులను సొంత పరిశోధనకు సిద్ధం చేయడం

చివరి సెమిస్టర్ ప్రాజెక్టు కోసం ఎంఏ తెలుగు విద్యార్థులు తెచ్చే అంశాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ‘ఫలానా వారి కథలు - ఒక పరిశీలన’, ‘ఫలానా కవి జీవితం - సాహిత్యం’, ‘ఫలానా నవలల్లో స్త్రీ పాత్రలు’. రచయిత పేరుంది, ప్రక్రియ పేరుంది, ప్రశ్న లేదు. తప్పు వాళ్లది కాదు. అన్నేళ్లూ ఎవరో ఇచ్చిన ప్రశ్నకు జవాబు రాయడమే చదువైంది. ఎంఫిల్ ఉన్నప్పుడు ఈ లోటు అక్కడ కొంత తీరేది. 2022 యూజీసీ నిబంధనలతో అదీ పోయింది. అందుకని మూడో సెమిస్టర్‌లోనే, అంశం ఖరారు కాకముందే, తర్ఫీదు మొదలుపెట్టాలి.

మొదట ప్రశ్న వేయడం నేర్పండి. ఎనిమిది, పది పేజీల కథ ఒకటి ఇచ్చి, వారం పాటు విమర్శ గ్రంథాల జోలికి వెళ్లవద్దని చెప్పండి. ఆ కథ మీద 20 ప్రశ్నలు రాసుకు రమ్మనండి. తరగతిలో అందరూ కూర్చుని వాటిని కొట్టేయాలి. కథాసారాంశం చెబితే తీరిపోయేవి, అవును-కాదుతో ముగిసేవి, రచయిత మనసులో ఏముందో ఊహించమనేవి పోతాయి. రెండో మూడో మిగులుతాయి. ‘ఈ కథలో స్త్రీ సమస్య ఎలా చిత్రితమైంది?’ నిలవదు. ‘కథంతా భర్త గొంతులోనే నడుస్తుంటే భార్య ఉద్దేశం మనకు ఏ వాక్యాల వల్ల తెలుస్తోంది?’ నిలుస్తుంది, ఎందుకంటే దానికి జవాబు చెప్పాలంటే పేజీ మీద వేలు పెట్టి చూపించాలి. ఈ అభ్యాసం వేర్వేరు కథల మీద కనీసం మూడుసార్లు చేయించాలి. మొదటిసారి 20 ప్రశ్నలూ పోతే కంగారు పడక్కర్లేదు.

తర్వాత ఎక్కువ సమయం ఇవ్వాల్సింది మూలపాఠానికి. బజార్లో దొరికిన ప్రతిని చేతబట్టుకుని వాదన అల్లడం మన దగ్గర పెద్ద జబ్బు. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో వచ్చింది. గురజాడే దాన్ని దాదాపు కొత్త నాటకంలా తిరగరాసి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఈ రెండో కూర్పులోని సంభాషణను ఉదహరించి, అది 1890లలో ఆయన అభిప్రాయమని రాస్తే వాదన కాలం తప్పినట్టే. రెండు కూర్పుల్లోనూ ఒక్క రంగాన్ని పక్కపక్కన పెట్టి, పోయినవి, చేరినవి, మారినవి మూడు గళ్లలో రాయించండి. మహాప్రస్థానం పుస్తకంగా వచ్చింది 1950లో. అందులోని గీతాలు ఎక్కువగా 1930ల నాటివి. పుస్తకం తేదీ చూసి వాటికి స్వాతంత్ర్యానంతర నిరాశను అంటగడితే, ఎంత చక్కగా రాసినా చెల్లదు.

పాత పత్రికలతో ఇంకో చిక్కుంది. సంచిక మీద తెలుగు సంవత్సరం, మాసం మాత్రమే ఉంటే, తెలుగు ఏడాది మధ్యలోనే, జనవరిలో, ఇంగ్లీషు ఏడాది మారుతుందన్న సంగతి మరిచి లెక్క వేస్తారు. రుధిరోద్గారి 1923 ఉగాదితో మొదలైనా, ఆ ఏటి మాఘమాసం పడేది 1924లో.

వెతకడం కూడా నేర్పాలి. పరిశోధన గ్రంథాలుండే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లోను, పాత పుస్తకాల స్కాన్లుండే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోను ఒకే పేరును తెలుగు లిపిలో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు రకాల స్పెల్లింగులతో మరోసారి వెతకాలి. ఒక్కసారి వెతికి ‘ఈ అంశం మీద ఎవరూ పని చేయలేదు’ అని రాసే వాక్యాన్ని ఎప్పుడూ నమ్మవద్దు. పాత అచ్చును స్కాన్ చేసిన ప్రతుల్లో పదం కొట్టి వెతికితే దొరక్కపోవచ్చు. అరసున్న, ‘ర్’ ధ్వనికి అక్షరం పక్కన రాసే, అంకె ౯లా కనిపించే వలపలగిలక యంత్రాన్ని తికమక పెడతాయి. విషయసూచిక తిరగేయడమే మేలు. వేటపాలెం సారస్వత నికేతనానికో, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికో పంపేటప్పుడు పత్రిక, సంవత్సరం, నెల ఉన్న జాబితా చేతికివ్వండి. ఫొటో తీసుకోవడానికి అనుమతి దొరికితే ముందు ముఖపత్రం, తర్వాత వ్యాసం. ఈ వరుస తప్పితే ఇంటికొచ్చాక అది ఏ సంచికో తెలియని పేజీలు మిగులుతాయి.

నోట్సుకు ఒకటే నియమం. ఇతరుల వాక్యం కొటేషన్ గుర్తుల్లో, దాని పక్కనే కూర్పు, పేజీ. సొంత మాట వేరే రంగు సిరాలో. ఆరు నెలలు గడిచాక ఏ వాక్యం ఎవరిదో గుర్తుండదు. చౌర్యంగా తేలే కేసుల్లో చాలావాటికి మూలం దురుద్దేశం కాదు, ఈ గందరగోళమే. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ఇతరుల రాతలతో పోలిక 10 శాతం లోపుంటే చర్య ఉండదు. ఆధారం చూపిన కొటేషన్లను ఆ లెక్కలోకి తీసుకోరు.

రాయడం మధ్య అధ్యాయంతో మొదలుపెట్టించండి. మొదటి అధ్యాయం నుంచి మొదలుపెడితే ‘కథానిక - ఆవిర్భావ వికాసాలు’ అంటూ ముప్పై పేజీలు పోతాయి, అసలు విషయానికి ఓపిక మిగలదు. ఎంచుకున్న ప్రశ్నకు అవసరమైనంత చరిత్ర రెండు పేజీల్లో పడుతుంది. ప్రతి పదిహేను రోజులకూ 300 పదాలు రాసి తెస్తేనే గైడ్‌తో సమావేశం. ఆ కాగితం మీద కథ చెప్పే వాక్యాల కింద వాళ్ల చేతే గీత గీయించండి. మూడో వంతు దాటితే తిరగరాయాల్సిందే. ‘ఇది స్త్రీవాద దృక్పథం’ అని పేరు తగిలించి ఊరుకున్న చోట్లా అంతే: ఏ పదం, ఏ మలుపు అలా అనిపించిందో చూపించేదాకా వెనక్కి పంపాలి.

టైపింగ్ మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో చేయించండి. డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టించిన ప్రతి, పోలిక చూసే సాఫ్ట్‌వేర్‌కు ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపిస్తుంది. చివరి వారంలో యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు, అరసున్నలు చెదురుతాయి. ముఖ్యంగా పద్యాలను అక్షరం అక్షరం మూలంతో సరిచూసుకోవాల్సి వస్తుంది. ఆ పనికి కనీసం పది రోజులు విడిగా ఉంచుకోవాలి.