ఆస్పత్రి సిబ్బంది ఫ్లూ టీకా వద్దంటున్నారా? ముందు కారణం పట్టుకోండి

టీకా క్యాంపు మొదలై వారం దాటింది. ఫ్రిజ్‌లో డోసులు అలాగే ఉన్నాయి, పేర్ల పట్టికలో సగం గడులు ఖాళీ. ఇలాంటప్పుడు ఎక్కువ చోట్ల చేసే పని అందరికీ ఇంకో సర్క్యులర్ పంపడం. జ్వరం అనగానే కారణం చూడకుండా యాంటీబయాటిక్ రాయడం లాంటిదే ఇది. టీకా వేసుకోని వాళ్లందరిదీ ఒకే కారణం కాదు. ఒక కారణానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు, ఒక్కోసారి బెడిసికొడుతుంది కూడా.

కాబట్టి ముందు ఆ పట్టికను వార్డుల వారీగా, షిఫ్టుల వారీగా విడదీయండి. సగం జవాబు అక్కడే కనిపిస్తుంది.

లక్షణం: పగటి డ్యూటీ వాళ్లు వేసుకున్నారు; నైట్ డ్యూటీ వాళ్లు, హౌస్‌కీపింగ్, క్యాంటీన్, సెక్యూరిటీ వాళ్లు వేసుకోలేదు

కారణం: వీళ్లు వద్దన్నవాళ్లు కాదు, టీకా అందనివాళ్లు. రాత్రంతా పనిచేసి అలసిపోయిన నర్సు, ఉదయం పది గంటలకు తెరిచే టీకా గది కోసం ఆగదు. కాంట్రాక్టు సిబ్బంది పేర్లయితే చాలాసార్లు పట్టికలోనే ఉండవు.

పరిష్కారం: టీకానే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. షిఫ్టు మారే సమయానికి ట్రాలీతో వార్డుకు వెళ్లాలి, నైట్ డ్యూటీ మధ్యలో ఒకసారి తిరగాలి. కోల్డ్ బాక్స్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, డోసులు ఐస్ ప్యాక్‌కు నేరుగా తగలకూడదు. గడ్డకట్టిన డోసు పనికిరాదు, పారేయాల్సిందే. రోగి గదిలోకి వెళ్లే ప్రతి మనిషి పేరూ, జీతం ఎవరిస్తున్నా సరే, పట్టికలో ఉండాలి. నన్నడిగితే ఈ ఒక్కటీ సరిచేయకుండా అవగాహన సదస్సులు పెట్టడం దండగ.

లక్షణం: "పోయిన ఏడాది వేసుకున్నాను, దాంతోనే ఫ్లూ వచ్చింది"

అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది ఇదే. దీనికి వెంటనే "అలా రాదు" అని కొట్టిపారేయకండి. ఆ మనిషి నిజంగానే రెండు రోజులు పడుకుని ఉంటారు. తన ఒంటికి జరిగింది తనకు తెలుసు. మీరు అబద్ధమంటే అక్కడితో మాట ఆగిపోతుంది. దాని బదులు ఒక ప్రశ్న అడగండి: టీకా వేసుకున్న ఎన్ని రోజులకు వచ్చింది?

"ఆ రాత్రే, లేదా మర్నాడు" అంటే, అది చాలావరకు టీకాకు ఒళ్లు స్పందించడం. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులు ఒకటి రెండు రోజులు ఉండొచ్చు. ఇంజెక్షన్‌గా ఇచ్చే మామూలు ఫ్లూ టీకాలో ఉండేది చంపిన వైరస్, లేదా దాని ముక్కలు. అది ఒంట్లో పెరగదు, ఫ్లూ తెప్పించదు. ముక్కులో కొట్టే స్ప్రే సంగతి వేరు, అందులో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. ఆ తేడా ముందే చెప్పండి. లేకపోతే ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని మీ మాటంతా తప్పంటారు.

"వారం తర్వాత" అంటే, రక్షణ తయారవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఆలోపు వార్డులో తిరిగే వైరస్ పట్టుకుని ఉండొచ్చు.

"రెండు నెలల తర్వాత" అంటే రెండు అవకాశాలు. అది ఫ్లూ కాని వేరే జలుబు వైరస్ కావచ్చు, టీకాకు వాటితో సంబంధం లేదు. లేదా నిజంగా ఫ్లూయే కావచ్చు. తిరుగుతున్న వైరస్‌తో టీకా బాగా సరిపోయిన సీజన్లో కూడా, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సివచ్చేంత ఫ్లూ ముప్పు తగ్గేది 40 నుంచి 60 శాతం వరకే. ఈ అంకె దాచొద్దు. మందులతో రోజూ పనిచేసే వాళ్లకు నూటికి నూరు శాతం అని చెబితే నమ్మరు సరికదా, మీరు చెప్పిన మిగతావన్నీ కూడా నమ్మరు.

జ్వరం భయం ఉన్నవాళ్లకు వీక్లీ ఆఫ్ ముందు రోజు టీకా వేయించండి. చిన్న సర్దుబాటే, చాలామందిని ఒప్పిస్తుంది. ఎవరైనా "చెయ్యి నెలల తరబడి నొప్పి పెట్టింది" అంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సూది భుజంలో మరీ పైన గుచ్చితే కీలు దెబ్బతినే అవకాశం ఉంది. వేసేవాళ్లకు సరైన చోటు మళ్లీ చూపించాలి. తప్పు మన వైపు ఉంటే ఒప్పుకోవాలి.

లక్షణం: "నాకెప్పుడూ ఫ్లూ రాదు"

కారణం: ముప్పు తనది కాదనే నమ్మకం. రోజూ అంతకంటే పెద్ద జబ్బులు చూసేవాళ్లకు ఫ్లూ చిన్నగా కనిపించడం సహజం.

ఇక్కడ రెండు విషయాలు పనికొస్తాయి. ఫ్లూ లక్షణాలు మొదలవడానికి ఒక రోజు ముందు నుంచే అంటుకుంటుంది. కొందరికి లక్షణాలు అసలే ఉండవు. అంటే ఆరోగ్యంగా ఉన్నానని అనుకుంటూనే కీమోథెరపీ రోగి పక్కన నిలబడతాం. రెండోది గుండె. ఫ్లూ అని పరీక్షలో తేలిన తర్వాతి వారంలో గుండెపోటు ముప్పు సుమారు ఆరు రెట్లు పెరిగినట్టు 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చూపింది. యాభై దాటిన సిబ్బందికి ఇది చెప్పండి.

"మీరు వేసుకుంటే రోగుల ప్రాణాలు నిలుస్తాయి" అన్న మాట దగ్గర జాగ్రత్త. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో సిబ్బందికి టీకా వేస్తే అక్కడి వృద్ధుల మరణాలు తగ్గాయని కొన్ని పరిశోధనలు చెప్పాయి. ఆ ఆధారాలు గట్టివి కావని, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష అంది. రోగికి మన ద్వారా సోకే అవకాశం తగ్గుతుందనడం సబబు. అంతకు మించి హామీ ఇవ్వొద్దు.

లక్షణం: "ప్రతి ఏడాదీ ఎందుకు?"

వైరస్ పై పొర మారుతూ ఉంటుంది, మన రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, టీకాలో ఏ రకాలు ఉండాలో సూచిస్తుంది.

లక్షణం: నోరు తెరిచి కారణం చెప్పరు, తప్పించుకుంటారు

కారణం: చాలాసార్లు వైద్యపరమైన సొంత సందేహం. గర్భం ఇంకా ఎవరికీ చెప్పి ఉండకపోవచ్చు, గుడ్డు అలర్జీ ఉండొచ్చు, గియాన్-బారే (నరాలు దెబ్బతిని కండరాలు బలహీనపడే అరుదైన జబ్బు) భయం ఉండొచ్చు, సూదంటేనే టెన్షన్ కావచ్చు. నర్సుకు సూది భయమేమిటని నవ్వకండి. ఉంటుంది.

పరిష్కారం: నలుగురి ముందు కాకుండా, తలుపు మూసి మాట్లాడే చోటు ఒకటి ఏర్పాటు చేయండి. గర్భిణులకు చంపిన వైరస్ టీకా ఏ నెలలోనైనా ఇవ్వొచ్చు, వాళ్లకే అవసరం ఎక్కువ. గుడ్డు అలర్జీకి ఇప్పుడు ప్రత్యేక జాగ్రత్తలు అక్కర్లేదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. గియాన్-బారే ముప్పు పెరిగినా అది పది లక్షల డోసులకు ఒకటి రెండు కేసులే, ఫ్లూ జబ్బుతో వచ్చే ముప్పు అంతకంటే ఎక్కువ. గతంలో ఫ్లూ టీకాకే తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లకు మాత్రం డాక్టర్ నిర్ణయం లేకుండా వేయకూడదు.

లక్షణం: ఒక వార్డంతా కట్టగట్టుకుని వద్దంటోంది

కారణం టీకా కాకపోవచ్చు. మాస్కులు అడిగితే ఇవ్వలేదు, డబుల్ డ్యూటీలు వేశారు, జ్వరంతో సెలవడిగితే కోప్పడ్డారు. ఇప్పుడు అదే యాజమాన్యం "మీ ఆరోగ్యం కోసమే" అంటే ఎలా వింటారు? అక్కడికి పోస్టర్లు పంపకండి. వాళ్లు మాట వినే సీనియర్ సిస్టర్‌తో కూర్చోండి, ఫిర్యాదుల్లో కనీసం ఒక్కటైనా తీర్చండి, తర్వాతే టీకా ఊసెత్తండి.

తప్పనిసరి చేస్తే పోదా అంటారు. సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆస్పత్రి 2005లో అలా చేసి, మొదటి ఏడాదే 97 శాతం దాటింది. అంకె పెరుగుతుంది, నిజమే. అక్కడి నర్సుల సంఘం దాన్ని సవాలు చేసి గెలిచింది కూడా. ట్రాలీ నైట్ డ్యూటీకి వెళ్లని చోట శిక్ష గురించి మాట్లాడటం అన్యాయమని నా అభిప్రాయం.

అన్నీ చేశాక కూడా వద్దన్నవాళ్లు

ఉంటారు. వాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టొద్దు. ఫ్లూ సీజన్లో రోగుల దగ్గర మాస్కు పెట్టుకోమనండి, జ్వరం వస్తే జీతం కోయకుండా సెలవివ్వండి. ఎందుకు వద్దన్నారో పట్టికలో వాళ్ల మాటల్లోనే రాసిపెట్టుకోండి, వచ్చే సీజన్ పని ఆ పట్టికతోనే మొదలుపెట్టాలి.