తక్కువ ఖర్చుతో ఇంటి విలువ పెంచడం ఎలా?

ఇల్లు చూడటానికి వచ్చినవారు గోడల రంగును మెచ్చుకుంటారు. ధర మాట్లాడేటప్పుడు మాత్రం పైకప్పు మూలన కనిపించిన పసుపు మరకే వారి మనసులో మెదులుతుంది. ఆ మరక వెనుక ఎంత ఖర్చు దాగి ఉందో వారికి తెలియదు. తెలియని ఖర్చును ఎవరైనా ఎక్కువగానే ఊహించుకుంటారు, ఊహించుకున్నదంతా ధరలో తగ్గించమంటారు. అందువల్ల చేతిలో ఉన్న డబ్బు తక్కువైనప్పుడు, కొనేవారికి కలిగే అనుమానాలను ముందు తొలగించాలి. అలంకరణ ఆ తరువాత. ఈ వరుస తప్పి, చెమ్మ ఎక్కిన గోడకు ముందే రంగు వేయిస్తే ఆ డబ్బు పెచ్చులుగా ఊడిపోతుంది.

1. కొత్తవారిలా ఇల్లంతా తిరిగి చూడండి

ఒక నోటు పుస్తకం పట్టుకుని వీధి వైపు నుంచి మొదలుపెట్టండి. పగలు ఒకసారి, రాత్రి దీపాలు వేసి మరోసారి తిరగండి. ప్రతి తలుపూ తెరిచి మూయండి, ప్రతి కుళాయీ తిప్పండి, ప్రతి స్విచ్చూ వేయండి. అల్మరాల లోపల, సింకు కింద, మంచాల వెనుక గోడల మీద టార్చి వేసి చూడండి. ఏళ్ల తరబడి ఉంటున్న ఇంటి వాసన మన ముక్కుకు అందదు. కాబట్టి మీ ఇంటికి అరుదుగా వచ్చే మిత్రుణ్ని పిలిచి, మొహమాటం లేకుండా చెప్పమనండి.

రాసుకున్నవాటిని నాలుగు భాగాలుగా విడదీయండి: నీటికి సంబంధించినవి, విద్యుత్తుకు సంబంధించినవి, సరిగా పనిచేయనివి, చూడటానికి బాగాలేనివి. పనులు కూడా ఇదే వరుసలో చేయాలి.

2. నీటి సంగతి ముందు తేల్చండి

ఇంటికి జరిగే నష్టంలో నీటి పాత్ర చాలా పెద్దది. ఇది మొదట్లో చౌకగా పోయే పని, ఆలస్యం చేసేకొద్దీ ఖరీదయ్యే పని. నా మాటగా ఒకటి చెబుతాను: మీ దగ్గర ఒక్క పనికే డబ్బుంటే, అది దీనికే ఖర్చుపెట్టండి.

గోడ చెమ్మగా ఉంటే ఆ నీరు ఎటువైపు నుంచి వస్తోందో తెలుసుకోవాలి. పైకి కనిపించే తడి తుడిచి, చెయ్యి వెడల్పు ప్లాస్టిక్ ముక్కను గోడకు ఆనించి నాలుగు అంచులా టేపుతో గట్టిగా అంటించండి. ఒకటి రెండు రోజులు అలాగే వదిలేయండి. గది వైపు ఉన్న ముఖం మీద నీటి బిందువులు కనిపిస్తే గదిలోని గాలిలోనే తేమ ఎక్కువగా ఉందన్నమాట. అప్పుడు కిటికీలు తెరవడం, స్నానాలగదిలో, వంటగదిలో ఆవిరిని బయటికి పంపే ఫ్యాను పెట్టడం చాలు. బిందువులు ప్లాస్టిక్ వెనుక చేరితే తేమ గోడలోంచే వస్తోంది. అలాంటప్పుడు గోడలో పోయే పైపు, పైకప్పు పగుళ్లు, గోడ పునాది దగ్గర నిలిచే నీరు, ఈ మూడింటినీ వెతకాలి.

పైపుల్లో లీకు ఉందేమో తెలుసుకోవడానికి నీటి మీటరు ఉంటే చాలు. కుళాయిలన్నీ కట్టేసి, అంకె రాసుకుని, రెండు గంటలు ఎవరూ నీరు వాడకుండా చూడండి. అంకె మారితే ఎక్కడో నీరు కారుతోంది. ఫ్లష్ ట్యాంకులో కొన్ని చుక్కల తినే రంగు వేసి, పావుగంట నుంచి అరగంట వరకు ఆగండి. నొక్కకుండానే కింద రంగు నీళ్లు కనిపిస్తే లోపలి రబ్బరు బిళ్ల అరిగిపోయింది. దాన్ని మార్చడం చిన్న పని.

బయట కూడా చూడండి. పైకప్పు మీది వాన నీరు పోయే గొట్టాల్లో ఆకులు పేరుకుంటే నీరు నిలిచి గోడల్లోకి దిగుతుంది. ఇంటి చుట్టూ నేల గోడ వైపు కాకుండా బయటి వైపు వాలి ఉండాలి. మొదటి మూడు మీటర్ల దూరంలో సుమారు 15 సెంటీమీటర్ల వాలు ఉంటే మంచిది. చాలాచోట్ల నాలుగు తట్టల మట్టి పోసి గట్టిగా దిమ్మిస్తే ఈ వాలు వస్తుంది. అయితే మట్టి గోడ మీదికి ఎగబాకి, గోడ అడుగున తేమను ఆపడానికి వేసిన పొరను కప్పేయకుండా చూసుకోవాలి.

గోడ మీద తెల్లని ఉప్పు పొడిలా తేలితే పొడి బ్రష్షుతో దులపండి. నీళ్లతో కడిగితే ఆ ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. లీకు ఆగిన తరువాత కూడా గోడ పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. ఆ ఓపిక లేకుండా రంగు వేయవద్దు.

3. విద్యుత్తు పని నిపుణులకే అప్పగించండి

స్విచ్చు వేడెక్కడం, దీపాలు మిణుకుమనడం, కాలిన వాసన రావడం వంటివి ఉంటే లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనుకు చూపించండి. కరెంటు లీకైనప్పుడు సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల రక్షణ పరికరం బోర్డులో లేకపోతే పెట్టించమనండి. ఇక్కడ పొదుపు చేయకూడదు. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

4. కదలనివి, కిర్రుమనేవి సరిచేయండి

నేలకు రాసుకునే తలుపు తన బరువు వల్ల దిగిందని అనుకుంటాం. చాలాసార్లు పై బందు మరలు వదులు కావడమే కారణం. మర ఊడదీసి, ఆ రంధ్రంలో చెక్క జిగురు రాసిన సన్నని పుల్లలు దట్టించి, ఆరాక పైకి వచ్చిన ముక్కలు కోసేసి మర మళ్లీ బిగించండి. వంటగది అల్మరా తలుపులు వంకరగా ఉంటే బందు మీదనే సర్దే మరలు ఉంటాయి. స్క్రూడ్రైవరుతో కొద్దికొద్దిగా తిప్పితే తలుపులు ఒకే వరుసలోకి వస్తాయి. ఇంత తేలికగా ఇంత మార్పు వచ్చే పని మరొకటి లేదేమో అనిపిస్తుంది.

5. గోడలకు రంగు: కష్టమంతా రంగుకు ముందే

ఇల్లు పాతదైతే ఒక జాగ్రత్త తప్పనిసరి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము పిల్లలకు చాలా ప్రమాదకరం. పరీక్ష చేయించకుండా పాత పొరలను పొడిగా రుద్దవద్దు.

పెచ్చులు గీకి, సబ్బు నీటితో జిడ్డు తుడిచి ఆరనివ్వండి. పగుళ్లను పుట్టీతో నింపి, ఆరాక 120 నంబరు గరుకు కాగితంతో, చివరగా 220తో రుద్దండి. అరచేత్తో నిమిరితే కంటికి కనిపించని ఎగుడుదిగుళ్లు తెలుస్తాయి. పుట్టీ పెట్టిన చోట రంగుకు ముందు వేసే ప్రైమర్ పూత వేయకపోతే అది రంగును ఎక్కువగా పీల్చుకుని, ఆ మేర వెలిసినట్టు కనిపిస్తుంది. నీటి మరకల మీద మరకను అణచే ప్రత్యేక ప్రైమర్ వేయాలి. మామూలు రంగు ఎన్ని పూతలు వేసినా ఆ మరక పైకి తేలుతూనే ఉంటుంది. కొత్తగా పూసిన సిమెంటుకైతే సుమారు 28 రోజులు గడువివ్వండి.

ముందు పైకప్పు, తరువాత గోడలు, చివర తలుపులూ చట్రాలూ. ఒకే దళసరి పూత కంటే రెండు పలుచని పూతలు మేలు. మెరుపు లేని రంగు గోడ లోపాలను దాచుతుంది, కొంచెం మెరుపున్నది వంటగదిలో తుడుచుకోవడానికి వీలుగా ఉంటుంది. ఇల్లంతా ఒకటి రెండు లేత రంగులతో సరిపెడితే గదులు విశాలంగా కనిపిస్తాయి. మీకిష్టమైన ముదురు రంగు మీరు ఉండబోయే ఇంటికి వేసుకోండి, అమ్మబోయే ఇంటికి వద్దు.

6. స్నానాలగది, వంటగది: పడగొట్టకుండా కొత్తగా

టైల్స్ బాగానే ఉండి మధ్య గీతలు నల్లబడితే గది మొత్తం పాతదనిపిస్తుంది. టైల్స్ మార్చనక్కర్లేదు, ఆ గీతల్లో నింపే గ్రౌటు మారిస్తే చాలు. పాత గ్రౌటును చిన్న రంపంతో 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు గీకి తీసేయండి. దాని మీదనే కొత్తది పూస్తే పట్టు నిలవదు. దుమ్ము తుడిచి, కొత్త గ్రౌటును రబ్బరు పలకతో ఏటవాలుగా నొక్కుతూ నింపండి. కాస్త గట్టిపడ్డాక బాగా పిండిన స్పాంజితో తుడవండి.

గోడా నేలా కలిసే మూలల్లో, సింకు అంచుల్లో గ్రౌటు పనికిరాదు. అక్కడ కదలిక ఉంటుంది, గ్రౌటు పగులుతుంది. సందులను మూసే, సాగే గుణమున్న, బూజు పట్టని సిలికాన్ సీలెంటు వాడాలి. పాత సిలికాన్‌ను పూర్తిగా కోసి తీసేయండి, ఎందుకంటే పాతదానికి కొత్తది అంటుకోదు. రెండు వైపులా టేపు అంటించి, సన్నగా ఒత్తి, సబ్బు నీటిలో ముంచిన వేలితో ఒకే ఊపున నున్నగా చేసి, ఆరకముందే టేపు లాగేయండి. 24 గంటలు నీరు తగలనివ్వవద్దు.

అల్మరాల చెక్క గట్టిగా ఉంటే పిడులు మార్చండి. ముందు పాత పిడి మరల మధ్య దూరం కొలవండి. 96 లేదా 128 మిల్లీమీటర్ల కొలతలు తరచుగా కనిపిస్తాయి. అదే కొలత పిడులు కొంటే కొత్త రంధ్రాలు వేయనక్కర్లేదు. వంటగదిని మొత్తం పీకి కొత్తగా కట్టించడం మాత్రం అమ్మకం కోసమైతే నేను సలహా ఇవ్వను. పెట్టిన ఖర్చంతా ధరలో తిరిగి రావడం కష్టం, పైగా మీ అభిరుచి కొనేవారికి నచ్చాలన్న నియమం లేదు.

7. వెలుతురు, ముఖద్వారం

కిటికీ అద్దాలు రెండు వైపులా కడగండి, వెలుగుకు అడ్డొచ్చే కొమ్మలు కత్తిరించండి. పాత ఫిలమెంటు బల్బుల బదులు ఎల్‌ఈడీలు పెడితే దీపాలకయ్యే విద్యుత్తు ఖర్చు కనీసం 75 శాతం తగ్గుతుంది. విశ్రాంతి గదులకు 2700 నుంచి 3000 కెల్విన్ల (వెలుగు రంగును చెప్పే కొలత) వెచ్చని వెలుగు, పని చేసే చోట్లకు 4000 కెల్విన్ల తెల్లని వెలుగు నప్పుతాయి. ఒకే గదిలో రెండు రకాలు కలపవద్దు. వంటగదిలో, అద్దం దగ్గర రంగులు సరిగా కనిపించాలంటే డబ్బా మీద సీఆర్ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే కొలత) 90 అని ఉన్నవి చూసి కొనండి.

ముఖద్వారానికి కొత్త పూత, గట్టి తాళం, దూరం నుంచి చదవగలిగే ఇంటి నంబరు, గుమ్మం ముందు మంచి దీపం. ఇంతకు మించి అక్కర్లేదు.

8. కాగితాలు భద్రపరచండి

గోడ మూసేముందు పైపులు, తీగలు పోయిన దారిని ఫోటోలు తీయండి. బిల్లులు, గ్యారంటీ పత్రాలు, వాడిన రంగు నంబర్లు, పని చేసిన తేదీలు ఒకే ఫైలులో పెట్టండి. గోడలు తొలగించడం, గదులు చేర్చడం వంటివి చేయించి ఉంటే వాటి అనుమతి పత్రాలు కూడా అందులోనే ఉండాలి. పైకప్పు లీకు ఎప్పుడు, ఎలా సరిచేయించారని కొనేవారు అడిగినప్పుడు బిల్లూ ఫోటోలూ తీసి చూపించండి, కావాలంటే వాటి నకళ్లు ఇవ్వండి.