పసిపిల్లల చెవిపోటు: ఎలా గుర్తుపట్టాలి, ఏం చెయ్యాలి

పిల్లాడి చెవిలో చీము కనబడగానే ఇంట్లో మొదట వచ్చే మాట "తలంటేటప్పుడు చెవిలోకి నీళ్లు పోయుంటాయి" అని. మధ్య చెవి ఇన్ఫెక్షన్ విషయంలో ఆ మాట తప్పు, పాపం ఆ తల్లిని తప్పుపట్టడం ఇంకా తప్పు. కర్ణభేరికి చిల్లు లేనంతవరకు బయటి నీళ్లు మధ్య చెవిలోకి చేరవు.

ఇన్ఫెక్షన్ వచ్చేది ముక్కు వైపు నుంచి. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి యూస్టేషియన్ ట్యూబ్ అనే సన్నటి గొట్టం ఉంటుంది. పెద్దవాళ్లలో అది ఏటవాలుగా ఉంటుంది. పసివాళ్లలో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. సర్ది చేస్తే గొట్టం వాచి మూసుకుపోతుంది, చెవిలో నీరు నిలుస్తుంది, ముక్కులోని క్రిములు అందులో పెరిగితే చీమవుతుంది. అందుకే హైదరాబాద్‌లో వానాకాలంలో, చలికాలంలో సర్దుల వెంటే చెవిపోట్లూ వస్తాయి. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య పిల్లలకు ఎక్కువ.

మాటలు రాని బిడ్డలో గుర్తుపట్టాలంటే వరస చూడండి. సర్ది మొదలైన మూడు నాలుగు రోజులకు, ఇక తగ్గుతోందిలే అనుకునేసరికి మళ్లీ జ్వరం వస్తుంది. పగలు కాస్త ఆడుకున్న బిడ్డ రాత్రి పడుకోబెట్టగానే గుక్కపట్టి ఏడుస్తాడు, భుజాన వేసుకుంటే కొంచెం నెమ్మదిస్తాడు. పడుకుంటే చెవిలో ఒత్తిడి పెరుగుతుంది మరి. పాలు రెండు గుక్కలు తాగి, వదిలేసి ఏడుస్తాడు. ఆకలి ఉంది, మింగితే నొప్పి. చెవి పీక్కోవడం ఒక్కటే చూసి కంగారుపడొద్దు. నిద్రొచ్చినా, పళ్లొస్తున్నా పీక్కుంటారు. చెవిడొప్పను మెల్లగా లాగితే కెవ్వుమన్నాడంటే బాధ బయటి చెవి కాలువలో ఉండొచ్చు, దాని మందు వేరు.

డాక్టరు ఓటోస్కోపుతో (చెవి లోపల చూసే లైటున్న పరికరం) కర్ణభేరిని చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది. ఎరుపు ఒక్కటే చాలదు, ఏడ్చినా ఎర్రబడుతుంది. ఉబ్బి బయటికి పొంగిందా అన్నది ముఖ్యం. చెవి చూడకుండా మందు రాస్తుంటే "ఒకసారి లోపల చూడండి సార్" అని అడగండి, మొహమాటం వద్దు.

అర్ధరాత్రి నొప్పికి పారాసెటమాల్ చాలు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, కనీసం నాలుగు నుంచి ఆరు గంటల తేడాతో, 24 గంటల్లో నాలుగు సార్లకు మించకుండా. పొరపాటు జరిగేది సీసా దగ్గరే. పది కిలోల బిడ్డకు కావలసిన 150 మిల్లీగ్రాములు 5 మి.లీ.లో 120 ఉండే సిరప్‌లో 6 మి.లీ.కు కొంచెం పైన, 250 ఉండే సిరప్‌లో 3 మి.లీ., మిల్లీలీటరుకు 100 ఉండే డ్రాప్స్‌లో ఒకటిన్నర మి.లీ. డ్రాప్స్‌ను 120 సిరప్ లెక్కన పోస్తే నాలుగింతల మందు పోతుంది. లేబుల్ చదివాకే మూత తియ్యండి. వానాకాలపు జ్వరమైతే డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్, అది కలిసిన సిరప్‌లు వద్దు. మూడు నెలల లోపు బిడ్డకు డాక్టరును అడగకుండా ఏ మందూ పొయ్యొద్దు.

వెల్లుల్లి కాచిన నూనె, తల్లిపాలు, ఉల్లిరసం, ఏవీ చెవిలో వెయ్యొద్దు. స్నానం చేయించాక చెవుల్లో ఊదడమూ వద్దు. కర్ణభేరి పగిలి చీము కారితే నొప్పి ఒక్కసారిగా తగ్గుతుంది, "నయమైంది" అనుకుని వదిలేస్తారు. చిల్లు చాలావరకు దానంతటదే మూసుకుంటుంది, కానీ చెవి పొడిగా ఉండాలి. శుభ్రమైన పలుచటి నూలుగుడ్డను దీపం వత్తిలా పేని, చెవి మొదట్లో పెట్టి, తడిశాక తీసి కొత్తది పెట్టండి. వత్తి పొడిగా వచ్చేదాకా, రోజుకు మూడుసార్లు. ఇయర్ బడ్ వాడొద్దు. రెండు వారాలు దాటినా కారుతుంటే ఈఎన్‌టీ డాక్టరే చూడాలి.

యాంటీబయాటిక్ ప్రతిసారీ అక్కర్లేదు. రెండేళ్లు దాటి, నొప్పి కొద్దిగా ఉండి, జ్వరం 102 లోపుంటే డాక్టరు రెండు మూడు రోజులు ఆగి చూద్దామనొచ్చు. అది నిర్లక్ష్యం కాదు. ఆరు నెలల లోపు పిల్లలకు, చీము కారేవాళ్లకు, రెండేళ్ల లోపు వయసులో రెండు చెవులకూ వచ్చినవాళ్లకు ఆగరు. సాధారణంగా అమాక్సిసిలిన్ రాస్తారు, రెండేళ్ల లోపువాళ్లకు పది రోజులు. మూడో రోజుకు తగ్గిందని మానెయ్యొద్దు. మూడో రోజుకూ తగ్గకపోతే మళ్లీ చూపించండి.

చెవి వెనక వాచి ఎర్రబడి చెవి ముందుకు తోసుకొచ్చినా, మూతి వంకరపోయినా, మెడ బిగిసినా, బిడ్డ లేపినా సరిగా లేవకపోయినా, మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 చేరినా తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి, లేదా నేరుగా నీలోఫర్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లండి.

మళ్లీ రాకుండా ఉండాలంటే పడుకోబెట్టి సీసా పాలు పట్టొద్దు, ఇంట్లో ఎవరూ సిగరెట్ కాల్చొద్దు, ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిది నెలలకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే న్యుమోకాకల్ టీకా తప్పించొద్దు.

జ్వరం పోయాక కూడా చెవిలో నీరు కొన్ని వారాలు ఉండిపోతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. బిడ్డ వెనక నిలబడి, వాడికి కనబడకుండా, మెల్లగా పేరు పెట్టి పిలవండి. తిరగకపోయినా, టీవీ సౌండ్ పెంచమంటున్నా, మాటలు ఆలస్యమైనా, మూడు నెలలు దాటాక చెవిలో నీరు ఇంకా అలాగే ఉన్నా కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనో, మీకు దగ్గరున్న ఈఎన్‌టీ డాక్టరు దగ్గరో వినికిడి పరీక్ష చేయించండి.