ప్యాడ్లు మార్చాక పెడల్ లోతుకు పోతోందా? పాత మియాటా వెనుక క్యాలిపర్లను ముందు చూడండి

కొత్త ప్యాడ్లు వేశాక బ్రేక్ పెడల్ మునుపటికంటే లోతుకు పోతోందని, హ్యాండ్‌బ్రేక్ ఎంత పైకి లాగినా వాలులో బండి నిలవడం లేదని చెప్పేవారిలో ఎక్కువమంది అప్పటికే ఒకటికి రెండుసార్లు లైన్లలో, అంటే బ్రేక్ ఆయిల్ గొట్టాల్లో గాలి తీయించి, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ ధర కూడా విచారించి ఉంటారు. వెనుక క్యాలిపర్లను, అంటే ప్యాడ్లను డిస్కుకు నొక్కిపట్టే భాగాలను సర్దారా అని అడిగితే మాత్రం సర్దడానికి అక్కడ ఏముందని ఎదురు ప్రశ్న వస్తుంది.

ఇక్కడ చెబుతున్నది మజ్దా ఎంఎక్స్-5 గురించి, అంటే అమెరికాలో మియాటా అని పిలిచే రెండు సీట్ల తేలికపాటి కారు గురించి. మజ్దా అనగానే మన ఊళ్ళలో స్వరాజ్ మజ్దా బస్సులు గుర్తుకొస్తాయి గానీ, ఈ కారు ఎక్కువగా విదేశాల్లో ఉన్న తెలుగువారి ఇళ్ళ ముందే కనిపిస్తుంది. 1989లో వచ్చిన మొదటి తరానికీ, 2005 దాకా తయారైన రెండో తరానికీ ఈ సూచనలు వర్తిస్తాయి. చక్రం విప్పడం, బండిని స్టాండ్ల మీద నిలపడం మీకు తెలుసనే అనుకుంటున్నాను.

పెడల్ లోతుకు పోవడం, హ్యాండ్‌బ్రేక్ పట్టకపోవడం

ముందుగా ఒక్క నిమిషం పట్టే పరీక్ష చేయండి. బండిని చదునైన నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేక్‌ను రెండు మూడు క్లిక్కులు లాగి ఉంచి, పెడల్ తొక్కండి. పెడల్ వెంటనే పైనే గట్టిగా ఆగితే లైన్లలో గాలి లేదు. వెనుక ప్యాడ్లకూ డిస్కుకూ మధ్య ఉండకూడనంత ఖాళీ ఉంది. గాలి ఉన్న పెడల్ కాలికింద స్పాంజిలా మెత్తగా ఉంటుంది. ఖాళీ ఉన్న పెడల్ మెత్తగా ఉండదు, చాలా దూరం ఊరికే దిగి ఆ తరువాత గట్టిపడుతుంది. ఈ తేడా గమనించకుండా బ్లీడింగ్‌కు (లైన్లలో గాలి తీసే పనికి) దిగితే బ్రేక్ ఆయిల్ దండగ.

కారణం ఇదీ. ముందు క్యాలిపర్ల పిస్టన్‌ను సీ క్లాంపుతో నెమ్మదిగా వెనక్కి నెట్టవచ్చు. వెనుక క్యాలిపర్ అలాంటిది కాదు. హ్యాండ్‌బ్రేక్ కూడా అదే పిస్టన్‌ను నెడుతుంది కాబట్టి దాని లోపల మరతో (స్క్రూతో) కూడిన సర్దుబాటు ఉంటుంది. దాన్ని క్లాంపుతో బలవంతంగా నొక్కితే పిస్టన్ కదలకపోగా లోపలి భాగాలు దెబ్బతింటాయి. ఒకవేళ మరను సరిగ్గానే తిప్పి పిస్టన్‌ను వెనక్కి తీసినా, ప్యాడ్లు వేశాక తిరిగి ముందుకు తేవడం మరిచిపోతే ఖాళీ అలాగే ఉండిపోతుంది. వాడకంలో అదే సర్దుకుంటుందని కొందరు ఎదురుచూస్తారు. లోపలి ఏర్పాటు రోజువారీ అరుగుదలకు తగినట్టు కొద్దికొద్దిగా సర్దుకోగలదే తప్ప ఇంత పెద్ద ఖాళీని పూడ్చదు.

సరిచేసే పద్ధతిలో వరుస ముఖ్యం. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక రెండు చక్రాలనూ లేపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్‌ను పూర్తిగా దించండి. లీవరు మొదట్లో ఉన్న నట్టును తిప్పి కేబుల్‌ను కూడా వదులు చేయాలి, ఎందుకంటే కేబుల్ బిగువుగా ఉంటే క్యాలిపర్ మీది చిన్న లీవరు తన మొదటి స్థానానికి రాదు, అది రాకపోతే మీరు చేసే సర్దుబాటు అంతా తప్పు కొలతే. హ్యాండ్‌బ్రేక్ పట్టడం లేదని నేరుగా ఈ నట్టునే బిగించేవారు రోగాన్ని కప్పిపెడుతున్నారు.

ఇప్పుడు క్యాలిపర్ వెనుక వైపు చూస్తే 14 నంబరు పానా పట్టే మూత బోల్టు కనిపిస్తుంది. బ్రేక్ గొట్టాన్ని పట్టి ఉంచే బోల్టు దీనికి దగ్గరలోనే ఉంటుంది, పొరపాటున దాన్ని విప్పితే ఆయిల్ కారి నిజంగానే గాలి చేరుతుంది. మూత తీశాక లోపల 4 మి.మీ. అలెన్ కీ పట్టే గాడి ఉంటుంది. పాత బండ్లలో అందులో తుప్పు పొడి నిండి ఉంటుంది. సన్నని పుల్లతో శుభ్రం చేసి, కీని అడుగుదాకా దించితేనే అంచులు అరిగిపోకుండా ఉంటాయి. అపసవ్య దిశలో తిప్పితే పిస్టన్ వెనక్కి వెళుతుంది. కొత్త ప్యాడ్లు, స్ప్రింగులు అమర్చి క్యాలిపర్‌ను బిగించాక, సవ్య దిశలో డిస్కు చేతికి తిరగనంతగా బిగించి, అక్కడి నుంచి మూడోవంతు చుట్టు వెనక్కి తిప్పండి. పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, డిస్కు స్వేచ్ఛగా తిరుగుతోందో లేదో మళ్ళీ చూసి, మూత బోల్టును వాషరుతో సహా బిగించండి. రెండో వైపు కూడా ఇంతే. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ ఆఖరున సర్దాలి. లాగితే 5 నుంచి 7 క్లిక్కుల మధ్య పట్టాలి.

ఒక ప్యాడ్ మాత్రమే అరగడం, బండి ఒక పక్కకు లాగడం

క్యాలిపర్ జారే పిన్నులు ఎండిపోయి ఉంటాయి. బయటికి తీసి, తుడిచి, బ్రేకుల కోసమే తయారైన సిలికాన్ గ్రీజు రాయండి. మామూలు గ్రీజు రాస్తే పిన్నుల మీది రబ్బరు బూట్లు (తొడుగులు) ఉబ్బి పిన్ను మరింత బిగుసుకుంటుంది. పిన్ను మీద తుప్పు గుంటలు పడి ఉంటే మార్చడమే.

కీచుమనడం

ప్యాడ్ వెనుక రేకులు, ఎం ఆకారపు స్ప్రింగులు పాత ప్యాడ్లతోపాటు చెత్తబుట్టలోకి పోయాయేమో చూసుకోండి. అవన్నీ ఉండీ శబ్దం వస్తుంటే ప్యాడ్ చెవులు ఆనే చోట తుప్పు గీకి పలుచగా గ్రీజు రాయండి, రాపిడి ముఖానికి మాత్రం చుక్క కూడా తగలకూడదు.

బ్రేక్ గొట్టం లోపల వాచిపోవడం, మాస్టర్ సిలిండర్ పాడవడం లాంటివి ఉన్నాయి గానీ, ప్యాడ్లు మార్చిన రోజే మొదలైన సమస్యకు అవి కారణం కావడం అరుదు. పైవన్నీ చూసేదాకా వాటి జోలికి వెళ్ళవద్దు.

పని ముగిశాక ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి ఓ మోస్తరుగా బ్రేకు వేస్తూ, పూర్తిగా ఆపకుండా, మధ్యలో చల్లారనిస్తూ పలుమార్లు నడపండి. ఆ తరువాత బ్రేకు దాదాపు వాడకుండా కొంతదూరం వచ్చి ఆపి, వెనుక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి. ఒక చక్రం రెండోదానికంటే బాగా వేడిగా ఉంటే ఆ వైపు సర్దుబాటు బిగువైందని అర్థం. మూత విప్పి, అలెన్ కీని ఇంకాస్త వెనక్కి తిప్పాలి.