బిగించిన రెండో రోజున బోల్టు తెగిందా? హైడ్రోజన్‌ను అనుమానించండి

సమస్య

జింక్ ప్లేటింగ్ చేసిన 12.9 గ్రేడు (చాలా గట్టి ఉక్కు) బోల్టు. లెక్క ప్రకారమే బిగించారు, అప్పటికి బాగానే ఉంది. మర్నాడో ఎల్లుండో తల ఊడి కింద పడింది. “ఎక్కువ బిగించావు” అని ఫిట్టర్ మీద విరుచుకుపడే ముందు తెగిన ముక్కను వెలుతురులో పెట్టి చూడండి. అతిగా బిగిస్తే బోల్టు ముందు సాగుతుంది, సన్నబడి తెగుతుంది. ఇక్కడ సాగిన జాడ ఉండదు. తల కింది మూలలోనో, నట్టు మొదలయ్యే మర దగ్గరో తటాలున విరిగి, ఆ ముఖం పటికబెల్లం విరిచినట్టు పలుకులుగా మెరుస్తుంది.

కారణం

ప్లేటింగ్‌కు ముందు తుప్పు వదలడానికి యాసిడ్ తొట్టిలో ముంచుతారు. అక్కడ హైడ్రోజన్ అయాన్లు ఉక్కు నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని పరమాణువులవుతాయి. చాలావరకు రెండేసి కలిసి బుడగలై పోతాయి. జత దొరకక ముందే కొన్ని లోపలికి దూరతాయి. ప్లేటింగ్ తొట్టిలోనూ ఇదే జరుగుతుంది. పైగా జింక్ పూత వాటిని బయటికి రానివ్వదు.

లోపల అవి ఊరుకోవు. ఉక్కులోని లోపాల దగ్గర చిక్కుకుంటూ, విడివడుతూ, లాగుడు ఎక్కువున్న చోటికి చేరి, అక్కడ ఉక్కును పెళుసు చేస్తాయి. బోల్టు వెంటనే కాక ఆలస్యంగా తెగేది అందుకే. యాసిడ్‌లో ముంచిన ఇనుప తీగ పెళుసవుతుందనీ, కొంతకాలం వదిలేస్తే తేరుకుంటుందనీ డబ్ల్యూ. హెచ్. జాన్సన్ 1875లోనే రాశాడు.

పరిష్కారం

ప్లేటింగ్ అయిన 4 గంటల లోపే ఓవెన్‌లో పెట్టి 190–220 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చాలి, ఆ వేడికి హైడ్రోజన్ బయటికి పోతుంది. గట్టిదనాన్ని బట్టి 8 నుంచి 24 గంటలు పడుతుంది. క్రోమేట్ పూత (జింక్ తుప్పు పట్టకుండా దాని మీద వేసేది) ఆ వేడికి పాడవుతుంది, కాబట్టి అది ఓవెన్ తర్వాతే. యాసిడ్ బదులు షాట్ బ్లాస్టింగ్ (సన్న గుళ్లు చిమ్మి తుప్పు వదిలించడం), ప్లేటింగ్ బదులు జింక్ ఫ్లేక్ పూత (జింక్ రేకులు కలిపి పెయింటులా వేసేది) ఇంకా మేలు. తెగిందని ఇంకా గట్టి గ్రేడు వేయడం మాత్రం తెలివితక్కువ పని: ఉక్కు ఎంత గట్టిదైతే అంత త్వరగా లొంగుతుంది. అంతకన్నా తక్కువ గట్టిదైన 8.8 గ్రేడుతో సరిపోయే చోట 8.8 వాడండి.

కాల్చినా తెగుతోందా?

అయితే హైడ్రోజన్ బహుశా తొట్టిలోది కాదు, వాడుతున్న చోటే పుడుతోంది. పూత గీసుకుపోయి తడి తగిలితే జింక్ కరుగుతుంది, బయటపడ్డ ఉక్కు మీద హైడ్రోజన్ పుడుతుంది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో–ఓక్లాండ్ బే బ్రిడ్జిలో 2013 మార్చిలో బిగించిన 96 గాల్వనైజ్డ్ (జింక్ పూత వేసిన) రాడ్లలో 32 కొద్ది రోజుల్లోనే తెగాయి. అవి అమర్చిన గొట్టాల్లో అంతకుముందు ఏళ్ల తరబడి నీరు నిలిచింది. చివరికి వాటి పని చేయడానికి ఉక్కు జీను (కేబుళ్లను పట్టి ఉంచే దిమ్మ), కేబుళ్లు అమర్చారు. ఇలాంటి చోట ఓవెన్ పనికిరాదు. నీరు నిలవకుండా చూడాలి, తక్కువ గట్టిదనం గల ఉక్కు ఎంచుకోవాలి.

తెగిన బోల్టు బ్యాచ్‌లో మిగిలినవి ఇప్పటికే బిగించి ఉంటే అన్నీ తీసేయండి. వాటిని ఇప్పుడు కాల్చినా మొదలైన పగులు అతుక్కోదు.