రుమటాయిడ్ ఆర్థరైటిస్ తొలి దశలో చేతుల సంరక్షణ – మూడవ పాఠం: బలం ఏ వైపుకు పడుతోంది?

మొదటి పాఠంలో ఉదయం చేతులు ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటున్నాయో నిమిషాల్లో రాసుకోవడం, రెండవ పాఠంలో ఏ కీలు వాచిందో తాకి తెలుసుకోవడం నేర్చుకున్నాం. ఆ రెండూ గమనించే పనులు. ఈ పాఠంలో చేతిని వాడే పద్ధతిలోకి వెళుతున్నాం. వ్యాధి బయటపడిన తొలి నెలల్లో చాలామంది "ఎంత బరువు ఎత్తవచ్చు?" అని అడుగుతారు. అది అడగవలసిన ప్రశ్నే. కాని అంతకంటే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది: ఈ పని చేస్తున్నప్పుడు నా వేళ్లను బలం ఏ వైపుకు తోస్తోంది? ఈ ప్రశ్న అలవాటైతే, ఎవరూ చెప్పని కొత్త పని ఎదురైనా చేతిని ఎలా పెట్టాలో మీకే తెలుస్తుంది. అందుకే ఈ ఒక్క విషయానికి ఒక పాఠమంతా కేటాయించాను.

ముందు లోపల జరిగేది చూద్దాం. కీలు లోపలి గోడకు సైనోవియం అనే పలుచని పొర ఉంటుంది. కీలు ఒరుసుకోకుండా కదలడానికి కావలసిన ద్రవాన్ని ఊరించేది అదే. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో శరీర రక్షణ వ్యవస్థ పొరపాటున ఈ పొర మీదనే దాడి చేస్తుంది. దానితో పొర వాచి మందమై, ద్రవం ఎక్కువై, కీలును చుట్టి ఉండే సంచినీ, ఎముకలను పక్కల నుంచి పట్టి ఉంచే లిగమెంట్లనూ లోపలి నుంచి సాగదీస్తుంది. వాపు నెలల తరబడి అలాగే ఉంటే సాగిన లిగమెంట్లు మళ్లీ బిగువుకు రావు. మృదులాస్థి, ఎముక కూడా తినివేతకు గురవుతాయి. చేతిలో ఇది ముఖ్యంగా మణికట్టులోనూ, పిడికిలి బిగిస్తే ఎత్తుగా లేచే మెటికల్లోనూ, వేళ్ల నడిమి కణుపుల్లోనూ, తరచుగా రెండు చేతులకూ కనిపిస్తుంది. గోటి దగ్గరి కణుపులు సాధారణంగా దీని బారిన పడవు.

మెటికల దగ్గర జరిగే మార్పును కొంచెం నిదానంగా అర్థం చేసుకోవాలి. వేలిని చాపే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి కణజాలం) మెటిక శిఖరం మీదుగా, సరిగ్గా మధ్యలో, వేలి పొడవునా సాగుతుంది. దాన్ని అక్కడ పట్టి ఉంచే కణజాలం వాపు వల్ల సడలినప్పుడు, టెండన్ శిఖరం మీద నిలవలేక రెండు మెటికల నడుమ ఉన్న పల్లంలోకి, చిటికెనవేలి వైపుకు జారుతుంది. జారిన తరువాత వేలిని చాపిన ప్రతిసారీ అదే టెండన్ వేలిని పక్కకు కూడా లాగుతుంది. పిడికిలి బిగించినప్పుడు వేళ్లను ముడిచే టెండన్లు లాగే లాగుడు కూడా ఆ వైపుకే ఉంటుంది. మణికట్టు వాచి అరచేతి ఎముకలు బొటనవేలి వైపుకు తిరిగితే, వేళ్లు ఎదురు దిక్కుకు మరింత ఒరుగుతాయి. ఈ కారణాలన్నీ ఒకే వైపుకు కలిసిరావడం వల్లనే ఈ వ్యాధిలో వేళ్లు బొటనవేలి వైపుకు కాక, చిటికెనవేలి వైపుకు వాలిపోతుంటాయి. తొలి దశలో ఈ వాలు ఇంకా గట్టిపడి ఉండదు. రెండవ చేత్తో మెల్లగా సరిచేస్తే వేలు నిటారుగా వస్తుంది. ఇలా సరిచేయడానికి వీలున్న రోజుల కోసమే ఈ పాఠం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ మెలకువలు మందుకు బదులు కావు. వాపును అదుపు చేసేది మందే. వాపు అదుపులో లేనప్పుడు చేతిని ఎంత జాగ్రత్తగా వాడినా కీలు దెబ్బతింటూనే ఉంటుంది. రోగ నిర్ధారణ కాగానే చికిత్స మొదలుపెట్టి, 3 నెలలకు మెరుగుదల కనిపించకపోయినా, 6 నెలలకు అనుకున్న స్థితికి చేరకపోయినా మందులను మార్చి చూడాలన్నది ఇప్పుడు రుమటాలజిస్టులు, అంటే ఈ వ్యాధికి చికిత్స చేసే నిపుణులు, పాటించే పద్ధతి. మొదట ఎక్కువగా రాసే మెథోట్రెక్సేట్ మాత్రను ఈ వ్యాధికి వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకుంటారు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మాత్ర వేసుకునే ఆ రోజు పేరును కాగితం మీద రాసి కళ్ల ముందు పెట్టుకోండి.

ఇప్పుడు అభ్యాసానికి వద్దాం. బల్ల ముందు కూర్చుని ముంజేతిని, అరచేతిని బల్ల మీద బోర్లా ఆనించండి. ముంజేయి, అరచేయి, మధ్యవేలు ఒకే వరుసలో ఉన్నాయా? మెటికల నడుమ పల్లాలు స్పష్టంగా ఉన్నాయా, లేక వాపుతో పూడి సమంగా కనిపిస్తున్నాయా? ఇదే స్థితిలో నెలకొకసారి పైనుంచి ఫోటో తీసి దాచుకుంటే, రోజూ చూసే కంటికి అందని మార్పు పక్కపక్కన పెట్టిన ఫోటోల్లో దొరుకుతుంది. డాక్టరుకు చూపడానికి కూడా పనికివస్తుంది. తరువాత చేయి కదపకుండా చూపుడువేలిని కొద్దిగా ఎత్తి, బొటనవేలి వైపుకు జరిపి దించండి. ఆ వెనుక మధ్యవేలు, ఉంగరపు వేలు, చివరికి చిటికెనవేలు. ఒక్కొక్క వేలు ఇలా బొటనవేలి వైపుకు నడిచి వస్తుంది. వేలు ఎత్తలేకపోతే బల్ల మీద జరిపినా చాలు. పిడికిలి పట్టుతో గడిచే రోజులో వేళ్లు ఈ దిక్కుకు కదిలే సందర్భాలు చాలా తక్కువ. అందుకే దీన్ని పనిగట్టుకుని చేయాలి.

బలం దిశను కళ్లారా చూడడానికి మరమూత ఉన్న సీసా ఒకటి తీసుకోండి. మూత ముందే వదులు చేసి ఉంచుకుంటే నొప్పి లేకుండా గమనించవచ్చు. కుడి చేత్తో మూతను పైనుంచి పట్టుకుని, తెరవడానికి మెల్లగా తిప్పండి. మూత గడియారం ముల్లుకు ఎదురు దిశలో, అంటే మీ ఎడమకు తిరగాలి. మీ వేళ్లు దాన్ని ఎడమకు తోస్తుంటే, మూత చూపే ఎదురు బలం వేళ్లను కుడికి, అంటే చిటికెనవేలి వైపుకు నెడుతుంది. చూపుడువేలి మెటిక దగ్గర చూపు నిలపండి. మూత మొరాయించిన క్షణంలో వేలు పక్కకు ఒరగడం కనిపిస్తుంది. ఇప్పుడు అదే మూతను ఎడమ చేత్తో తెరవండి. తిరిగేది అదే దిశ అయినా, ఎదురు బలం ఈసారి ఎడమ చేతి వేళ్లను బొటనవేలి వైపుకు నెడుతుంది. మూత బిగించేటప్పుడు ఇది తారుమారవుతుంది. కాబట్టి తెరవడానికి ఎడమ చేయి, మూయడానికి కుడి చేయి వాడాలి. ఇంకా మంచి పద్ధతి వేళ్లను అసలు వాడకపోవడమే: సీసా కింద తడిగుడ్డ వేసి కదలకుండా చేసి, అరచేతిని మూత మీద అదిమి, మోచేయి, భుజం కదలికతో తిప్పాలి. దీనికి అలవాటుపడడానికి కొన్ని రోజులు పడుతుంది. మొదట్లో చేయి తనంతట తాను పాత పద్ధతికే పోతుంది, అది సహజం.

ఈ ఒక్క పరీక్షను మిగతా పనులకు అన్వయించండి. నిండు కప్పును ఒక చేత్తో పిడి పట్టుకుని ఎత్తినప్పుడు బొటనవేలు పైకి, చిటికెనవేలు కిందికి ఉంటాయి కనుక బరువు వేళ్లను కిందికి, చిటికెనవేలి వైపుకే లాగుతుంది. రెండు అరచేతులతో పట్టుకుంటే ఆ లాగుడు ఉండదు. తాళంచెవి తిప్పేటప్పుడు బొటనవేలు చూపుడువేలి పక్క భాగాన్ని గట్టిగా అదుముతుంది. తాళంచెవి తలకు వెడల్పాటి పిడి తగిలిస్తే తక్కువ బలం సరిపోతుంది. చెంపను చూపుడువేలి పక్క భాగం మీద ఆనించి కూర్చునే అలవాటు మానాలి, ఎందుకంటే తల బరువంతా ఆ వేళ్ల మీదనే పడుతుంది. సంచిని వేళ్లకు కాకుండా ముంజేతికో భుజానికో తగిలించుకోవాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు మడిచిన వేళ్ల మీద కాకుండా, చాపిన అరచేతుల మీద, వీలైతే ముంజేతుల మీద బరువు వేయాలి. తడిబట్టను మెలిపెట్టి పిండే బదులు, గట్టు మీద పరిచి అరచేతులతో అదిమితే నీరు పోతుంది. ఫోనును చేత్తో పట్టి అదే చేతి బొటనవేలితో టైపు చేయడం బొటనవేలి మొదటి కీలుకు పెద్ద శ్రమ. బల్ల మీద పెట్టి మాటతో టైపు చేయించడం మేలు. కలం, చెంచా, కత్తి పిడులు సన్నగా ఉన్నకొద్దీ పట్టు బిగించవలసి వస్తుంది కనుక, వాటికి మెత్తని స్పాంజి గొట్టం తొడగాలి. పని ఏదైనా పట్టు పది నిమిషాలు సాగేలోపే వేళ్లను వదులు చేసి చాపాలి.

ఇవన్నీ చదివి చేతులను అసలు వాడకుండా దాచుకోవాలని అనుకోవద్దు. ఆ భయమే ఎక్కువ నష్టం చేస్తుంది. వ్యాయామంతో కీళ్లు అరిగిపోతాయన్న నమ్మకం చాలాకాలం ఉండేది. బ్రిటన్‌లో 490 మంది రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులతో జరిపిన సారా అనే పరిశోధన ఫలితాలు 2015లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కీళ్లను వంచి చాపే 7 వ్యాయామాలు, బలాన్ని పెంచే 4 వ్యాయామాలు చేతులకు నేర్పగా, మామూలు సలహాలు మాత్రమే పొందినవారికంటే వాటిని నేర్చుకున్నవారి చేతుల పనితనం సంవత్సరం తరువాత కూడా మెరుగ్గా ఉంది. వ్యాయామం తరువాత వచ్చే తేలికపాటి నొప్పి గంట రెండు గంటల్లో తగ్గిపోతే అది హద్దులో ఉన్నట్టే. అంతకుమించి నిలిచినా, మరునాడు వాపు పెరిగినా, తరువాతిసారి సగానికి తగ్గించాలి. వ్యాధి ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో బలం పెంచే వ్యాయామాలు ఆపి, కీళ్లను నొప్పి లేనంత మేరకు మెల్లగా కదిపితే చాలు. బిగుసుకుపోయిన చేతికి గోరువెచ్చని నీరు, వేడిగా ఉబ్బిన కీలుకు గుడ్డ చుట్టిన చల్లని పట్టు హాయినిస్తాయి.

కొన్ని సంగతులకు మాత్రం వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు. నిన్నటి దాకా చాచగలిగిన చిటికెనవేలో ఉంగరపు వేలో ఉన్నట్టుండి పైకి లేవకపోతే టెండన్ తెగి ఉండవచ్చు. ఆలస్యమైతే పక్క వేలి టెండన్ కూడా తెగే ప్రమాదం ఉంది. ఒకే కీలు ఎర్రగా కాలిపోతున్నట్టు ఉబ్బి జ్వరం వస్తే ఇన్ఫెక్షన్ అనుమానంతో ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ముఖ్యంగా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారు. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే మణికట్టులో నరం ఒత్తుకుంటోందేమో పరీక్ష చేయించాలి. వేళ్లకు ఉంగరాలుంటే, తేలికగా వచ్చే రోజునే తీసి పక్కన పెట్టండి.

ఈ వారం అభ్యాసానికి, మీరు రోజూ చేసే పనుల్లో మూడింటిని ఎంచుకోండి. ప్రతి పనికీ నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాయండి: బలం ఏ వేలిని ఎటు తోస్తోంది, దాన్ని ఏ పెద్ద కీలుకు మార్చగలను. పాత పద్ధతిలోనూ, కొత్త పద్ధతిలోనూ చేసినప్పుడు నొప్పి ఎంతో 0 నుంచి 10 లోపు అంకె వేయండి. నాలుగవ పాఠంలో వేళ్లను ముడిచే టెండన్లు తమ గొట్టాల్లో సాఫీగా జారేలా చేసే వ్యాయామాలు మొదలుపెడతాం. దానికి ఒక బల్ల, ఉదయపు బిగుతు సడలిన తరువాత పది నిమిషాల తీరిక ఉంటే చాలు.